కొలత తప్పిన సంచి

ఇచ్చోడ,
ఆగస్టు.

బాలలక్ష్మి వదినకు మరదలు నిఖిత రాసేది.

ఫోన్ చేస్తే ఏం లాభం వదినా? మరమగ్గాల షెడ్డులో ఇన్నేళ్లు కండెలు చుట్టి చుట్టి ఆ సాంచాల చప్పుడుకు చెవులు అప్పగించేశావు. మొన్న సైకిల్ మీద నుంచి పడ్డానని చెబితే "మంచిగైంది బిడ్డా" అన్నావు. పక్కన అన్న నవ్వడం నాకు వినబడింది. మేనమామ కూతురివి కాబట్టి ఊరుకున్నాను. ఇక నీతో కాగితమే నయం.

నా పని సంగతి నీకు సగమే తెలుసు. ఇక్కడ ఓంప్రకాశ్ అన్న దగ్గర గుట్టలెక్కే బ్యాటరీ సైకిళ్లున్నాయి. లావు టైర్లు, ముందూ వెనకా స్ప్రింగులు. తొక్కేది మనమే, ఎత్తు వచ్చినప్పుడు ఎవరో వీపు మీద చెయ్యి వేసి నెట్టినట్టు మోటారు సాయం చేస్తుంది. హైదరాబాద్ నుంచి, నాగపూర్ నుంచి వచ్చేవాళ్లను అడవి బాటల మీద తిప్పి క్షేమంగా తీసుకురావడం మా పని. ఇప్పటిదాకా నాకిచ్చినవన్నీ చిన్న బాటలే. బడిపిల్లలను, కొత్త జంటలను వాగు దాకా తీసుకుపోవాలి, ఫోటోలు దిగాక వెనక్కి తేవాలి. దీనికి నేనెందుకు, దారి తెలిసిన మేక చాలు.

వానలు తగ్గాక పెద్ద బాట మొదలుపెడతారు. కుంటాల దాటి గుట్ట ఎక్కి, అవతలి గూడెంలో జొన్నరొట్టె తిని, వేరే దారిన పొద్దుగూకే లోపు ఇచ్చోడ చేరాలి. ఆ బాట నడిపించే పని నాకు కావాలి వదినా. దారి వెతికింది నేను, గూడెంవాళ్లతో మాట్లాడి ఒప్పించింది నేను. అయితే అంత దూరానికి ఒక్క బ్యాటరీ సరిపోదు. ఎవరి రెండో బ్యాటరీ వాళ్లే వీపున మోసుకుపోవాలి. పేచీ అక్కడ పడింది.

"గంత బరువు మోసుకుంట ఆడిపిల్ల గుట్టెక్కుతదా? అరుణ్‌కు అప్పజెప్త. నువ్వు పిల్లలతోని వాగు కాడికి పోయిరా, నీకేం ఫికర్" అన్నాడు ఓంప్రకాశ్ అన్న. అరుణ్ నాతోపాటే చేరాడు. మంచివాడు, కానీ రెండు బాటలు కలిసిన చోట ఎటు పోవాలని నన్నే అడుగుతాడు. నేను ఊరుకోలేదు. దసరా దాటాక ముగ్గురం ఒకసారి ఆ బాట మొత్తం తొక్కి చూద్దామని, నావల్ల కాకపోతే మళ్లీ అడగనని మాట తీసుకున్నాను.

బరువు నాకు లెక్క కాదు. బాధంతా సంచితోనే. కాలేజీ సంచిలో పెడితే దిగుడులో బ్యాటరీ ఎగిరి మెడ మీద కొడుతుంది. మలుపులో అది అటు పోతుంది, నేను ఇటు పోతాను. పడింది అందుకే. భుజాలు రెండూ ఒరుసుకుపోయాయి. బజారులో దొరికేవి నా వీపుకు నప్పడం లేదు. కదలకుండా అంటిపెట్టుకొని ఉండే సంచి ఒకటి కుట్టిపెట్టు. బ్యాటరీ ఇటుక కంటే పొడుగు, అంత వెడల్పు ఉండదు. దాని కొలతలు వెనక పక్క రాశాను.

నీ నిఖిత


సిరిసిల్ల,
సెప్టెంబరు.

నిఖితకు వదిన ఆశీర్వదించి రాసేది.

నువ్వు పడ్డావని చదివాక తెలిసింది. చదివాక కూడా కొంచెం నవ్వాను, దాచడం దేనికి. ఎద్దు పుండు కాకికి ముద్దు అంటారు కదా. భుజాలకు మందు రాసుకో.

సంచి బస్సు పార్శిల్‌లో వేశాను. షెడ్డులో మిగిలిన గట్టి గుడ్డ రెండు పొరలు, మధ్యలో మెత్త. నడుముకో పట్టీ, ఛాతీకో పట్టీ. పక్కలకు తాడు అల్లిక పెట్టాను, బ్యాటరీ లోపల పెట్టి జాకెట్టు లాగినట్టు లాగి కట్టు. అప్పుడు నువ్వు ఎటు వంగితే అదీ అటే వంగుతుంది. మీ అన్న చూసి "గిన్ని కుట్లు పెండ్లిపిల్ల రైకకు గూడ పడవు" అన్నాడు. నాకు వినబడలేదనుకున్నాడు. కావలసినవి నాకు వినబడుతూనే ఉంటాయి.

ఇంకో మాట. ఆ సైకిల్ సీటు ఎంత ఎత్తు ఉంటుంది? కూర్చుంటే కాలు నేలకు అందుతుందా? కొంచెం ఒళ్లున్నవాళ్లు ఎక్కితే మోటారు లాగుతుందా? వెనక నుంచి బండి వస్తే, హారన్ వినబడనివాళ్లు ఏం చేస్తారు? పొద్దుపోక అడుగుతున్నాను, తీరిక ఉంటే రాయి.

షెడ్డు నడుస్తోంది. పని ఉన్న వారం ఉంది, లేని వారం లేదు. పని లేని వారం చెవుల్లో హోరు ఇంకా ఎక్కువ వినబడుతుంది, అదేం చిత్రమో.

బాలలక్ష్మి


ఇచ్చోడ,
సెప్టెంబరు చివర.

వదినా,

సంచి అందింది. కుట్టు చూసి ఓంప్రకాశ్ అన్న కూడా వేళ్లతో లాగి చూశాడు, ఒక్క పోగు లేవలేదు. కానీ ఇది ఎవరి కొలత తల్లీ? నేను వేసుకుంటే నాతో పాటు ఇంకో అమ్మాయిని కూర్చోబెట్టుకోవచ్చు. నడుము పట్టీ నా చుట్టూ తిరిగి వచ్చి ఇంకా జానెడు మిగిలింది. అరుణ్ అందులో తల పెట్టి "గుడారమా ఇది" అన్నాడు. నన్ను చూసి ఎన్నాళ్లయిందని ఇంత మరిచిపోయావు? పుష్కరాలకు కాదు, మొన్న ఉగాదికి కదా కలిశాం.

దాన్ని నా గదిలో మేకుకు తగిలించాను. నా వీపు వెడల్పుకు ఒక దారం, నడుము చుట్టుకు ఒక దారం కొలిచి ఈ ఉత్తరంలో పెడుతున్నాను. పొడుగుది నడుముది. మళ్లీ అటూ ఇటూ చెయ్యకు.

నీ ప్రశ్నలకు జవాబు. సీటు దించుకోవచ్చు, కాలు అందుతుంది. పోయినసారి నాగపూర్ నుంచి వచ్చిన ఆయన మా అన్నకు రెండింతలు ఉన్నాడు, మోటారు కిక్కురుమనకుండా లాగింది. అడవి బాటలో బండ్లు రావు, హారన్ కొట్టడానికి ఎవరూ లేరు. నీకెందుకు ఇవన్నీ? షెడ్డులో ఎవరైనా ఇక్కడికి వస్తామన్నారా?

పొద్దున పూట రోజూ గుట్ట దాకా తొక్కుతున్నాను. భుజాలు మానాయి. దసరా ఎంతో దూరం లేదు.

నిఖిత


సిరిసిల్ల,
అక్టోబరు.

నిఖితకు,

కొలత తప్పింది, నిజమే. చెవులతో పాటు కళ్లు కూడా పోతున్నాయనుకో. నువ్వు పంపిన దారాల ప్రకారం రెండోది కుట్టాను. ఇది తప్పితే తప్పు నీ వీపుదే.

నువ్వు అడగకపోయినా ఒక సంగతి చెబుతాను, సాంచాల దగ్గర బతికినదాన్ని. మగ్గంలో అటూ ఇటూ ఉరికే నాడెలో కండె పూర్తిగా అయిపోయేదాకా ఆగేవాడు మంచి నేతగాడు కాదు. నూలు మధ్యలో అయిపోతే గుడ్డలో సందు పడుతుంది, మగ్గం ఆగుతుంది, వెనక్కి తిప్పి అతకాలి. కొంచెం నూలు ఉండగానే తీసి నిండు కండె పెడతాం. మిగిలిన నూలు పారెయ్యం, అది ఎక్కడో అక్కరకు వస్తుంది. నువ్వూ అంతే చెయ్యి. గుట్ట నడిమధ్యన బ్యాటరీ చచ్చిపోయేదాకా చూడకు. చదునులో నిలబడి, రెండు కాళ్లు నేల మీద ఉండగా మార్చుకో.

భయపడకు అని రాయను, నువ్వు భయపడే రకం కాదు. దూకుడు తగ్గించుకో అని రాస్తాను.

బాలలక్ష్మి


ఇచ్చోడ,
నవంబరు.

వదినా,

పెద్ద బాట తొక్కి వచ్చాం. ముగ్గురం క్షేమంగా తిరిగి వచ్చాం. సంచి బాగుంది, ఇంచు కూడా కదలలేదు. మిగతావి తర్వాత రాస్తాను. అన్నను అడిగానని చెప్పు.

నిఖిత


సిరిసిల్ల,
నవంబరు.

నిఖితా,

ఇది ఉత్తరమా, కరెంటు బిల్లు మీద రాసే రాతా? పడితే నాలుగు పేజీలు రాసినదానివి, గుట్ట ఎక్కి దిగితే నాలుగు ముక్కలు రాస్తావా? సంచి బాగుంటే, ముగ్గురూ క్షేమంగా వస్తే, ఇంత పొట్టి ఉత్తరం ఎందుకు వచ్చింది? అందులో అసలు సంగతి లేదు. బాట నీకు ఇచ్చాడా లేదా?

నేను చెవులు లేనిదాన్ని, చదవడం రానిదాన్ని కాదు. రాయనిది కూడా చదువుతాను. మొత్తం రాయి.

మీ వదిన


ఇచ్చోడ,
నవంబరు చివర.

వదినా,

రాస్తాను. అన్నీ రాస్తాను, తిట్టేది ఉంటే చివర్లో తిట్టు.

ముందు రోజు సాయంత్రం నువ్వు చెప్పినట్టు బ్యాటరీ మార్చడం సాధన చేశాను. సైకిల్‌లో ఉన్నది సగానికి రాగానే తీసి, సంచిలోని నిండుది పెట్టి, తీసినదాన్ని సంచిలో వేసి తాళ్లు బిగించాను. ఇంటికొచ్చి సైకిల్‌లో ఉన్నదాన్ని మళ్లీ ఛార్జింగ్ పెట్టాను. సంచిలో ఉన్నది ఎప్పటిలాగే నిండుదే అనుకున్నాను. నీ కండెలో నూలు ఎంత ఉందో కంటికి కనిపిస్తుంది. ఇక్కడ నిండుదీ సగందీ ఒక్కలాగే ఉంటాయి, పైగా నువ్వు అంత బాగా బిగించే సంచి కుట్టావు, మళ్లీ విప్పి చూడబుద్ధి కాలేదు.

మర్నాడు కుంటాల దాటి గుట్ట మొదట్లోకి చేరాం. నా బ్యాటరీలో అయిదు దీపాలకు ఒకటి మిగిలింది. మారుద్దామని ఆగాను. అరుణ్ "ఇంకోటి ఉన్నది గదా, గా ఒక్క దీపం గూడ అయిపోనియ్యి" అన్నాడు. ఓంప్రకాశ్ అన్న కూడా నవ్వాడు. నేను సంచి విప్పి రెండోదాని మీట నొక్కాను. రెండే దీపాలు వెలిగాయి.

దాచి ఏదో ఒకటి అనొచ్చు. అనలేదు. "సగమే ఉన్నదన్నా. చూసుకోకపోవుడు నాదే తప్పు" అన్నాను.

"మరి వాపస్ పోదమా?" అన్నాడు. ఓంప్రకాశ్ అన్న గొంతులో బాధ ఏమీ లేదు.

"పోవుడు లేదు. ఎక్కుదాం."

వదినా, ఆ మాట ధైర్యం కోసం అన్నది కాదు. ఆ బాటలో ఎక్కడ ఎత్తుందో, ఎక్కడ నీడ ఉందో, ఎక్కడ ఇసుక ఉందో నాకు తెలుసు. ఆ సగం బ్యాటరీనే మార్చి పెట్టుకొని, ఎత్తుల్లో మోటారును తక్కువ సాయానికి పెట్టాను. చదును వస్తే పూర్తిగా ఆపేసి ఉత్త కాళ్లతో తొక్కాను. ఆ సైకిల్‌ను మోటారు లేకుండా తొక్కడం సుఖమైన పని కాదు. కానీ నస్పూర్‌లో బాపు మోకాలు వాచినప్పుడల్లా సైకిల్ వెనక కూర్చోబెట్టుకొని బొగ్గుగని గేటు దాకా దింపిన కాళ్లు ఇవి. నీ సంచి నా వీపులో కలిసిపోయింది. బరువు ఉందన్న సంగతే మరిచాను.

వాళ్లిద్దరూ తమ మొదటి బ్యాటరీలను సున్నా దాకా లాగారు. అరుణ్‌ది నడి ఎత్తులో ఆగిపోయింది. వాలులో ఒక చేత్తో సైకిల్ పట్టుకొని, ఒక చేత్తో మార్చుకోవడానికి నానా తంటాలు పడ్డాడు. ఓంప్రకాశ్ అన్న నా ముందే ఉండాలని మొదటి నుంచి చివరిదాకా మోటారును నిండు జోరులో పెట్టాడు. గూడెంలో రొట్టె తినేటప్పుడు నడుము మీద చెయ్యి వేసుకొని కూర్చున్నాడు. బజారు సంచి ఆయననూ ఒరుస్తోంది, పైకి చెప్పడం లేదు.

తిరుగు దారిలో హైవేకు ముందు చివరి ఎత్తు ఒకటి ఉంది. అక్కడ ఆయన రెండో బ్యాటరీ కూడా చచ్చింది. దిగి నెట్టాడు. కొంచెం దూరం నెట్టి రాయి మీద కూర్చున్నాడు. అరుణ్ సంచిలో ఉన్నది ఉత్త డబ్బా. నా సంచిలో మాత్రం నేను ఒక దీపం ఉండగానే తీసిన బ్యాటరీ ఉంది. సైకిళ్లన్నీ ఒకే రకం కాబట్టి అది ఆయనకు పడుతుంది. తీసి ఇచ్చాను. "తక్కువ సాయం మీదనే పెట్టుండ్రి, ఇచ్చోడ దాంక వస్తది" అన్నాను. ఆయన తీసుకొని బిగించుకున్నాడు. ఇచ్చోడ దాకా వచ్చింది వదినా. నువ్వు పారెయ్యొద్దన్న నూలు అది.

ఇంతవరకు చదివితే నేను గెలిచాననుకుంటావు. నేనూ అలాగే అనుకొని ఆఫీసు ముందు సైకిల్ దిగాను. నీళ్లు తాగి ఓంప్రకాశ్ అన్న అన్నాడు: "నువ్వు బ్యాటరీలు మంచిగ సంభాళిస్తున్నవ్. ఒక పని చేద్దాం. అరుణ్ ముంగట ఉండి బాట నడిపిస్తడు. నువ్వు అందరి బ్యాటరీలు మోసుకుంట వెనకంగ రా."

"ఆలోచించి చెప్త" అని వచ్చేశాను. సగం బ్యాటరీతో గుట్ట ఎక్కినదాన్ని, ఆ ఒక్క మాట దగ్గర ఆగిపోయాను. నీకు పొట్టి ఉత్తరం రాసింది అందుకే. సంచిలో సగం బ్యాటరీ వేసుకుపోయినందుకు కాదు సిగ్గు, జవాబు చెప్పకుండా వచ్చినందుకు.

నిఖిత


సిరిసిల్ల,
డిసెంబరు.

నిఖితా,

నాకు చెవులు పోయాయి సరే, నీకు నోరు పోయిందా?

ముందు తప్పు సంగతి. అందులో సగం నాది. మా షెడ్డులో నాడె నుంచి తీసిన కండెను పెట్టెలో తలకిందులుగా పెడతాం, నిండువి తల పైకి పెడతాం. చెయ్యి పెడితేనే తెలిసిపోతుంది. అది నీకు రాయలేదు. నా చేతులకు తెలిసిన పని, నోటిదాకా రాలేదు. ఇక మీదట వాడిన బ్యాటరీని సంచిలో తలకిందులుగా పెట్టు. మూతి పైకి ఉంటే నిండుది, కిందికి ఉంటే వాడింది. అంతే, ఆ ముచ్చట అయిపోయింది.

ఇక ఆయన మాట. బ్యాటరీలు బాగా చూసుకుంటావట, అందుకని వెనక మోసుకుంటూ రావాలట. పెండ్లి వంట చేసినవాళ్లను పొయ్యి దగ్గరే తినమన్నట్టుంది. ఆ దారి ఎవరిది? ఆ గూడెంవాళ్లు ఎవరి మొహం చూసి రొట్టె పెట్టారు? సగం నూలుతో గుడ్డ నేసినవాళ్లు వెనక ఉండాలా, నడి ఎత్తున నూలు అయిపోగొట్టుకున్నవాళ్లు ముందు ఉండాలా? ఈ మాటలు నాకు రాస్తే లాభం లేదు, ఆయనకు చెప్పు. కోపంగా చెప్పకు, కోపం వస్తే నీ గొంతు సన్నబడుతుంది. గుట్ట కింద "ఎక్కుదాం" అన్నావే, ఆ గొంతుతో చెప్పు.

నీ వెనక నడవడానికి నాకు ఇష్టమే. నువ్వు ఎవరి వెనకో మూటలు మోయడానికి కాదు నేను వేళ్లు పొడుచుకొని సంచి కుట్టింది.

బాలలక్ష్మి


ఇచ్చోడ,
డిసెంబరు.

వదినా,

చెప్పాను.

నీ ఉత్తరం అందిన పొద్దున్నే పోయాను. ఆయన సైకిల్ గొలుసుకు నూనె వేస్తున్నాడు. "అన్నా, ముంగట నేనుంట. బాట నాది. ఎవరి బ్యాటరీ వాళ్లు మోస్తరు. మీరు నా వెనకంగ రాండ్రి, అయిపోతే నేనిస్త" అన్నాను. అరుణ్ పక్కనే ఉన్నాడు. "నాకైతే గా రెండు బాటల కాడ ఇప్పటికీ సమజ్ కాదన్నా" అన్నాడు. ఎంత మంచివాడో చూడు.

ఓంప్రకాశ్ అన్న చాలాసేపు గొలుసు తిప్పాడు. తిప్పి తిప్పి, "సరే, నువ్వే నడిపియ్యి. గాని గా సంచి కుట్టిన మీ వదినకు చెప్పి నాకొకటి కుట్టియ్యి, నా నడుము పోతున్నది" అన్నాడు. ఆయన నడుము కొలత దారం ఇందులో పెట్టాను. మళ్లీ గుడారం కుట్టకు.

జనవరిలో మొదటి ప్రయాణం. నలుగురు హైదరాబాద్‌వాళ్లు వస్తున్నారు. మొదటి రోజు కాబట్టి నా తరఫున ఒకరిని తెచ్చుకోమన్నాడు. నిన్న నీ ఉత్తరాలన్నీ మళ్లీ చదివాను. సీటు ఎంత ఎత్తు, కాలు అందుతుందా, ఒళ్లున్నవాళ్లను లాగుతుందా, హారన్ వినబడకపోతే ఎలా. నువ్వు పొద్దుపోక అడిగే మనిషివి కావు. చివరి ఉత్తరంలో నా వెనక నడవడానికి ఇష్టమేనని కూడా రాశావు.

వదినా, వస్తావా? నా వెనకే ఉండు. నేను చెయ్యి పైకెత్తితే ఆగు, కిందికి ఊపితే మెల్లగా రా. ఆ బాటలో చెవులతో పనిలేదు.

నీ నిఖిత


సిరిసిల్ల,
డిసెంబరు చివర.

నిఖితా,

ఓంప్రకాశ్ సంచి పార్శిల్‌లో వస్తోంది. నడుముకు మెత్త ఎక్కువ పెట్టాను, ఆయనకు అవసరం.

వానాకాలం నుంచి ఆదివారం ఆదివారం మైదానంలో సైకిల్ నేర్చుకుంటున్నాను. మీ అన్న సీటు పట్టుకొని వెనక ఉరికేవాడు. ఒకనాడు మైదానం చివరిదాకా పోయి తిరిగి చూస్తే ఆయన ఎక్కడో మొదట్లో నిలబడి చేతులు ఊపుతున్నాడు. ఎప్పుడు వదిలేశాడో నాకు తెలియనే లేదు. "వదిలేస్తున్న, వదిలేస్తున్న" అని అరిచాడట. వినబడి ఉంటే పడిపోయేదాన్ని.

నాకోసం ఎవరినీ సంచి అడగకు, కొత్తది కుట్టుకోను కూడా. నీ గదిలో మేకుకు ఒకటి ఉంది కదా, మీరంతా గుడారమని నవ్వింది. దాన్ని దించి దుమ్ము దులిపి, నిండు బ్యాటరీని మూతి పైకి పెట్టి ఉంచు. దాని కొలత తప్పలేదు. ఆ నడుము నాదే, ఆ వీపూ నాదే.

బాలలక్ష్మి